పాట పాడుతూ వెనక్కి వచ్చిన కారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో డిప్లొమా, గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం, అన్నం తింటూ కూడా ఫోన్‌లో కార్ల వీడియోలు. ఎక్కడో దేశం కాని దేశంలో ఒక గడ్డపాయన పాత కారులో కొత్త ఇంజిన్ దించి, దానికి సొంతంగా కంప్యూటర్ అమర్చి, పన్నెండు నిమిషాల్లో స్టార్ట్ చేసేసేవాడు. వీడియో పన్నెండు నిమిషాలు కనక పని కూడా అంతేనని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. (వీడియో మొదట్లో ఉన్న గడ్డం చివరికొచ్చేసరికి నాలుగంగుళాలు పెరగడం గమనించి ఉంటే నాకు కొంత జ్ఞానం వచ్చేది.) అలాంటి కారు ఒకటి నేనూ తయారు చెయ్యాలని, దాన్ని బీచ్ రోడ్డు మీద నడుపుతుంటే జనం తలలు తిప్పి చూడాలని కోరిక పుట్టింది. తలలు తిప్పి చూశారు కూడా, అది తర్వాత చెబుతాను.

కారు భీమిలిలో ఉంది, మా మేనమామ పెరట్లో. మామయ్య జీవితమంతా చేపల బోట్ల మీద ఇంజిన్ డ్రైవరుగా చేశాడు. ఆ సంపాదనతో కొన్న తెల్ల కారది. ఎనిమిదేళ్ళుగా కదలడం లేదు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి, బానెట్ మీద అత్తయ్య నెత్తళ్ళ చేపలు ఎండబెట్టేది. ఎందుకు ఆపేశారు మామయ్యా అని ఎవరడిగినా "పాడైపోనాది" అని ఒక్క మాటనేవాడు. దాన్ని నాకిచ్చెయ్యమని అడిగితే సముద్రం వైపు చూసి ఒక షరతు పెట్టాడు.

"తీసుకెల్లు. ఆరు నెల్లు టైము. ఆరో నెల ఆకరి ఆదోరం, మజ్జానం బోజనాల ఏలకి అది నా గుమ్మం ముందుకి తనంతట తాను రావాల. తోసుకొత్తే ఒప్పుకోను, తాడు కట్టి లాక్కొత్తే ఒప్పుకోను. వత్తే బండి నీది. రాపోతే తగరపువలస పాతినుము కొట్టాయన పట్టుకెల్లిపోతాడు. ఆయనకి మాటిచ్చీసినాను."

మామయ్య మాటిచ్చాడంటే వెనక్కి తీసుకోవడం ఉండదు. నేను మాత్రం ఆరు నెలలెందుకు, ఆరు వారాలు చాలనుకున్నాను. నాకు తోడు మామయ్య కొడుకు, అంటే మా బావ. వాడు ఫిషింగ్ హార్బరులో బోటింజన్లు బాగుచేసేవాడు. పని చేయించుకోడానికి సిటీలో, ఓల్డ్ టౌన్ వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు. ఆయన్ని అందరూ భాయ్ అనేవారు, మేమూ అలాగే అన్నాం. గుద్దుకుపోయిన ఒక కారులోంచి మంచి ఇంజినూ, గేర్లు తనంతట తనే మార్చుకునే గేర్‌బాక్సూ సంపాదించాం. (ఆటోమేటిక్ ఎందుకంటే గడ్డపాయన అదే పెట్టాడు కనక. అంతకు మించి ఆలోచించినట్టు గుర్తు లేదు.) వాటి అసలు కంప్యూటర్లు పనికిరాకుండా పోయాయి. అందుకని ఇంజిన్‌కి ఒకటి, గేర్‌బాక్సుకి ఒకటి విడిగా కొని, లాప్‌టాప్‌లో వాటికి బుద్ధులు చెప్పే బాధ్యత నేను తీసుకున్నాను.

ఆ ఆరు నెలలూ ప్రతి ఆదివారం భాయ్ వైర్లు కలిపాడు, నేను ఉపన్యాసాలిచ్చాను. యాక్సిలరేటర్ నొక్కితే వైపర్లు ఆడాయి. బ్రేకు నొక్కితే హారన్ మోగింది. ఇంజిన్ వేడెక్కినప్పుడల్లా ఎనిమిదేళ్ళ నాటి నెత్తళ్ళ వాసన షెడ్డంతా కమ్మేసి, వీధిలో పిల్లులన్నీ వచ్చి గుమ్మంలో కూర్చునేవి. చివరికి అన్నీ దారికొచ్చాక భాయ్ మెల్లగా అన్నాడు. "బాబూ, ఒక బైపాస్ స్విచ్ పెట్టుకుందాం. కంప్యూటర్‌కి కోపమొచ్చినా బండి ఇంటికి పోవాలి కదా."

"కంప్యూటర్‌కి కోపం రాదు భాయ్, దానికి నియమాలుంటాయి" అన్నాను నేను గొప్పగా. అందులో ముఖ్యమైన నియమం నేను స్వయంగా రాసింది. గేర్‌బాక్సు నుంచి ఒకేసారి రెండు గేర్ల సిగ్నల్ వస్తే ప్రమాదం కనక వెంటనే ఇంజిన్ ఆపెయ్యాలని. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానంటే, స్క్రీన్ ఫోటో తీసి అమ్మకి కూడా చూపించాను.

షరతు ప్రకారం ఆఖరి ఆదివారం వచ్చింది. పొద్దున్న నేను షెడ్డుకి వెళ్ళేసరికి బావ ముందే వచ్చి ఉన్నాడు. అత్తయ్య పంపిన పసుపూ కుంకుమా నీళ్ళలో కలిపి స్టీరింగుకీ, టైర్లకీ, బానెట్ ఎత్తి రెండు కంప్యూటర్ డబ్బాలకీ కూడా దట్టంగా పూసేశాడు. నేను వాణ్ణి తిడుతూనే తుడిచి, కారెక్కి, షెడ్డులోంచి బయటికి తియ్యడానికి రివర్స్ వేశాను. వెంటనే వెనకనుంచి పెద్ద పాట మొదలైంది. పెళ్ళి సన్నాయికీ ఐస్‌క్రీమ్ బండికీ మధ్య రకం.

"ఇదేటి బావా?"

"రివర్స్ మ్యూజిక్! పొద్దున్నే నానే పెట్టినాను, నీకు తెలీకుండా. మా హార్బరు బళ్ళన్నిటికీ ఉంటాది. అది లేపోతే బండి ఏటి బండి?" అన్నాడు మెరిసిపోతూ. టైమవుతోందని నేను కారు రోడ్డెక్కించేశాను.

బీచ్ రోడ్డు ఎక్కాక కారు వెన్నలా సాగింది. రుషికొండ ఎత్తు నవ్వుతూ ఎక్కింది. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో తెలియడం లేదు. నేనొక మోచెయ్యి కిటికీ మీద పెట్టి, ఆ గడ్డపాయన ఇప్పుడు నన్ను చూడాలి అనుకున్నాను. ఎర్రమట్టి దిబ్బలు దాటబోతుండగా ఇంజిన్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే అవుతుంది, ముందుకి గేరు వేస్తే ఆగుతుంది. భీమిలి ఇంకా నాలుగు కిలోమీటర్లు. టైము పదకొండున్నర.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నేరం పసుపు మీద మోపాను. కంప్యూటర్ కనెక్టర్లు ఊడదీసి, బావ సంచిలో ప్లగ్గులు తోముకునే పళ్ళబ్రష్షుతో ఒక్కొక్క పిన్నూ తోమాను. గంటసేపు ఎండలో తోముతూ బావనీ, వాడి భక్తినీ, సముద్రపు ఉప్పుగాలినీ వరసగా తిట్టాను. వాడు పాపం గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. "భాయ్‌కి ఫోన్ సెయ్యరాదేటి?" అన్నాడొకసారి. భాయ్ పేరెత్తగానే ఆ బైపాస్ స్విచ్ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఏ మొహం పెట్టుకుని చెయ్యను? కారు తగరపువలస పోయినా సరే, ఫోన్ మాత్రం చెయ్యదల్చుకోలేదు.

పిన్నులన్నీ తోమాక కూడా ముందుకి కదల్లేదు. విసుగొచ్చి రివర్స్ వేశాను. పాట మొదలైంది. కారు బుద్ధిగా వెనక్కి కదిలింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

"బావా, తనంతట తాను రావాలన్నాడు గానీ, ఏ ఏపు తిరిగి రావాలో మా నాన్న సెప్పలేదు కదా?" అన్నాడు వాడు.

కారుని భీమిలి వైపు వీపు పెట్టేలా తిప్పాలంటే ముందుకి కదలాలి, అది కుదరదు. రోడ్డు పక్క ఖాళీ జాగాలో వెనక్కే వంకర తిప్పి తిప్పి ఎలాగో సాధించాం. తర్వాత నాలుగు కిలోమీటర్లూ అలాగే వెళ్ళాం. నేను మెడ వెనక్కి విరిచి కూర్చుంటే, బావ నడుం దాకా కిటికీలోంచి బయటికొచ్చి బస్సు కండక్టరులా "రైట్ రైట్, లెఫ్టుకి కొయ్యి" అని అరుస్తున్నాడు. పాట మాత్రం ఎక్కడా ఆగలేదు. ఎదురొచ్చిన బస్సులో జనమంతా ఒకవైపుకి వచ్చి చూశారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ "ఓలమ్మ, ఈ బండికి మొకం ఎనక్కుందేటే!" అంది. మూడు కుక్కలు ఊరేగింపుగా వెంటబడ్డాయి. పోలీసులు కనపడితే ఏం చెప్పాలో ఇద్దరం సాధన చేశాం గానీ అదృష్టం కొద్దీ ఎవరూ కనపడలేదు.

మామయ్య గుమ్మంలో కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. లోపల అత్తయ్య విస్తళ్ళు వేస్తోంది. కారు వీపు చూపిస్తూ, పాడుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది. ఆయన కారుని చూశాడు, కుక్కల్ని చూశాడు, కిటికీలో వేలాడుతున్న కొడుకుని చూశాడు.

"ఎవులైనా తోసినారా?"

"లేదు మామయ్యా."

"తాడు కట్టినారా?"

"లేదు."

"అయితే వచ్చినట్టే. బండి నీదిరా అల్లుడూ" అన్నాడు. బావ నన్నెత్తి గిరగిరా తిప్పేశాడు. నా మెడ అప్పటికే తిరిగి ఉందని వాడికి తెలియదు.

కారు నాదయ్యాక ధైర్యమొచ్చి భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒకటే ప్రశ్న వేశాడు. "పొద్దున కొత్తగా ఏం కలిపారు?" అప్పుడు వెలిగింది. బావ పాట డబ్బా వైరుని సరాసరి రివర్స్ గేరు సిగ్నల్ వైరుకే కలిపేశాడు. డబ్బా వేడెక్కేసరికి అందులోంచి కాస్త కరెంటు ఆ వైరులోకి కారడం మొదలుపెట్టింది. పాట రావడానికి అది చాలదు గానీ, కారు ఎప్పుడూ రివర్సులోనే ఉందని కంప్యూటర్‌ని నమ్మించడానికి చాలు. ముందు గేరు వెయ్యగానే దానికి రెండు గేర్లు కనబడేవి. నా నియమాన్ని అది తు.చ. తప్పకుండా పాటించింది. అది నేను చెప్పిన పనే చేస్తుంటే నేను గంటసేపు పసుపుని తిట్టాను. భాయ్ నవ్వలేదు. "వైరు విడిగా కలుపుకోండి బాబూ, పాట మంచిదే" అన్నాడంతే.

వైరు సరిచేసి ముందుకీ వెనక్కీ నడిపి చూపించాను. మామయ్య మెల్లగా దగ్గరికొచ్చి, తలుపు తెరిచి కిందికి చూశాడు.

"మూడోది ఏదిరా?"

"క్లచ్ లేదు మామయ్యా. గేర్లు అదే మార్చుకుంటుంది. ఎడమ కాలితో పనే లేదు."

ఆయన కర్ర నా చేతికిచ్చి, సీటు పట్టుకుని కూర్చుని, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. అత్తయ్య నా పక్కకొచ్చి చిన్నగా చెప్పింది. "బోటు మీద మోకాలు నలిగిపోనాది కదా నాయనా. కిలచ్చి నొక్కలేకపోనాడు. ఆ మాట ఎవులికీ సెప్పొద్దన్నాడు. బండి పాడైపోనాదనీవోడు." కారు కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి, సముద్రం కనపడే చోట కాసేపు ఆగి, తిరిగొచ్చింది. మామయ్య దిగలేదు. స్టీరింగు మీద చేతులు తియ్యకుండా, నా వైపు చూడకుండా, ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి అడిగాడు.

"ఒరే అల్లుడూ... నీదే అనుకో. మాటిచ్చినాను. గానీ, నాకిచ్చీగలవేటిరా?"

"మీదే కదా మామయ్యా" అంది నా నోరు. కడుపులో మాత్రం ఆరు నెలల ఆదివారాలూ ఒక్కసారి గొల్లుమన్నాయి.

ఇది జరిగి పదకొండేళ్ళు. మామయ్య ఇప్పటికీ అత్తయ్యని ఎక్కించుకుని ఆ కారులోనే తగరపువలస సంతకెళ్తాడు. ఆ సాయంత్రం భీమిలి నుంచి, హార్బరుకి తిరిగొస్తున్న బావతో కలిసి ఎక్కిన బస్సులో, గోళ్ళలో పసుపుతో, ఒళ్ళో లాప్‌టాప్‌తో, కారు పోయిందని ఏడుపు మొహం పెట్టుకుని, తిరగని మెడతో వెనక్కే చూస్తూ కూర్చున్న కుర్రాడొకడు నాకప్పుడప్పుడు గుర్తొస్తాడు. పక్కన కూర్చుని భుజమ్మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. తన జన్మలో చెయ్యబోయే అన్నిటికన్నా మంచి పని ఆ మధ్యాహ్నమే అయిపోయిందని తెలియక, పిచ్చివాడు, సిటీ వచ్చేదాకా బావతో మాట్లాడలేదు.