రాక్షసుడు తిరిగొచ్చిన శుక్రవారం

నా చిన్నప్పుడు మేం గల్ఫులో, సముద్రం ఒడ్డునున్న కల్బా ఊళ్లో, ఒక అరబ్బు ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. మా నాయన ఆయన దగ్గర కరెంటు పని చేసేవాడు. అంతకుముందు నేను నెల్లూరు పక్క మా ఊళ్లో అవ్వ దగ్గర పెరిగాను. అవ్వ అంటే మా నాయన తల్లి. నాకు అన్నం తినిపించడం, తల దువ్వడం, అల్లరి చేస్తే కసరడం అన్నీ ఆమే. అమ్మా నేనూ కల్బాకు వచ్చిన మరుసటి ఏడే ఆమె పోయింది. కబురు ఫోనులో వచ్చింది. ఆ సమయానికి మా నాయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆ అరబ్బు, దేశంలో లేడు. నాయన పాస్‌పోర్టేమో ఆయన దగ్గరే ఉంది. నాయన కదల్లేకపోయాడు.

అవ్వ దేవుడి దగ్గరికి వెళ్లిందని నాకు చెప్పారు. అంతే చెప్పారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తలేదు. నాయన పనికి వెళ్లేవాడు, వచ్చేవాడు, తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను మాత్రం దిగులుపడలేదు. మేమూ ఊరు వదిలి వచ్చినవాళ్లమే కదా, వెళ్లినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తారనే అనుకున్నాను.

మా పక్కనే ఒక దర్జీ దుకాణం. దర్జీ జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన. అందరూ కాక అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన దుకాణంలో చిన్న టీవీ ఉండేది. శుక్రవారం సాయంత్రం అందులో ఆకాశంలో తిరిగే ఓడ కథ వచ్చేది. మాటలు ఇంగ్లీషు, కింద రాతలు అరబ్బీ. మాకు రెండూ రావు. అయినా చుట్టుపక్కల పిల్లలం నేల మీద వరసగా కూర్చుని నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. అందులో ఒంటినిండా పొలుసులున్న రాక్షసుడు ఒకడు ఉండేవాడు. వాణ్ణి చూస్తే నాకు ప్రాణాలు పోయేవి. ఒకసారి వాడు నిప్పుల గుంటలో పడి కరిగిపోయాడు. ఆ తర్వాత చాలా నెలలు కనబడలేదు.

చలికాలంలో ఒక శుక్రవారం, ఓడ తలుపు తెరుచుకుంది. పొగలోంచి వాడే బయటికొచ్చాడు. అవే పొలుసులు, అదే గర్జన. పిల్లలందరూ కేకలు పెట్టారు. నేను మాత్రం లేచి ఇంటికి పరుగెత్తాను. నాయన అన్నం తింటున్నాడు.

“నాయనా, కాలిపోయినోడు మళ్లీ వచ్చినాడు! మన అవ్వ కూడా వచ్చేస్తుంది!” అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ కంచం తీసింది కానీ నా వైపు చూడలేదు. నేను ఏం తప్పు మాట్లాడానో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం నాయన కాకతో ఏం చెప్పుకున్నాడో తెలియదు. మరుసటి శుక్రవారం కాక నన్ను పిల్లల్లో కూర్చోనివ్వలేదు. కుట్టుమిషను పక్కన తన బల్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. రాక్షసుడు రాగానే నా చెవి దగ్గర, “మొఖం చూడకు బిడ్డా. నడక చూడు” అన్నాడు.

చూశాను. పాత రాక్షసుడు నీళ్లలో నడిచినట్టు కాళ్లు ఈడ్చేవాడు. వీడు భుజాలు ఊపుతూ దబదబా అడుగులు వేస్తున్నాడు.

“వీడు వాడు కాడు!” అన్నాను.

“కాడు. తోలు అదే, లోపల మనిషి వేరే.”

కథ అయిపోయి పిల్లలు వెళ్లాక, ఆయన మిషను మీద గుడ్డలు పక్కకు నెట్టి తన సంగతి చెప్పాడు. వాళ్ల నాయన ఊరూరా ఆటలాడే బృందంలో రాక్షస వేషం కట్టేవాడట. ఆయన పోయిన ఏడాది, అదే కిరీటం, అదే గజ్జెలు ఈయన కట్టుకున్నాడట. ఊరంతా రాక్షసుడు మళ్లొచ్చిండని చప్పట్లు కొట్టిందట. ముందు వరసలో కూర్చున్న వాళ్లమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని లేచిపోయిందట.

“ఎందుకు?”

“నడక చూసింది గద బిడ్డా. గది మా నాయన నడక గాదు.”

ఆయన లేచి, భుజాన ఒక తెల్ల గుడ్డ వేసుకుని, వాళ్ల నాయనలా నాలుగడుగులు నడిచి చూపించాడు. సగంలో ఆగిపోయి, గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడత సరిగా కుదరలేదు.

అప్పుడు అడిగాను. “అయితే మా అవ్వ రాదా?”

ఆయన నా కళ్లలోకి చూశాడు. “రాదు బిడ్డా. చచ్చిపోయింది.”

ఆ మాట నాతో మొదట అన్నవాడు ఆయనే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. చాక్లెట్ ఇవ్వలేదు, టీవీ పెట్టలేదు. మిషను ముట్టకుండా, బేరానికి వచ్చినవాళ్లను “బాద్ మే ఆవో భాయ్” అని, తర్వాత రమ్మని పంపేసి, పక్కనే కూర్చున్నాడు.

నన్ను పిలుచుకెళ్లడానికి నాయన వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు.

“చెప్పిన తమ్మీ. గీ పిల్లతోటి నువ్వు గూడ జర ఏడువు,” అన్నాడు కాక.

నాయన నన్ను ఎత్తుకుని సముద్రం వైపు నడిచాడు. ఒడ్డున పడవల మధ్య కూలబడి, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత ముక్కు తుడుచుకుని, చిన్నప్పుడు తను బడి ఎగ్గొడితే అవ్వ చీపురు పట్టుకుని వీధంతా తరిమిన సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అవ్వ మాట మళ్లీ వినిపించింది. ఆమె పెట్టే పులుసు గురించి, ఆమె తిట్ల గురించి అన్నం తింటూ చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. పోయిన ఏడు మా ఆయన చనిపోయారు. తాత ఊరెళ్లాడని మా మనవరాలికి ఇంట్లో అందరూ చెబుతూ వచ్చారు. అది రోజూ వీధి తలుపు దగ్గర నిలబడేది. ఒక మధ్యాహ్నం దాన్ని దగ్గరికి తీసుకుని, తాత చచ్చిపోయాడు, ఇంక రాడు అని చెప్పాను. నా కోడలు కంగారుగా పరుగెత్తుకొచ్చింది. ఉండమ్మా అని చెయ్యెత్తాను. పిల్ల ఏడుపు తీరేదాకా, నా ఏడుపు కూడా తీరేదాకా, ఇద్దరం అక్కడే కూర్చున్నాం.