జీతం రాకముందే చెప్పిన సాక్ష్యం

నేను మూడంటే మూడు నిమిషాలు నోరు తెరిచినందుకు ఒక నర్సు ఉద్యోగం ఊడబోయింది, రిటైరైన ఇంకో నర్సు రెండు పూటలు పస్తులున్నారు, మా ఇంటిల్లిపాదికీ మూలశంక ఉందని పక్కింటావిడ వీధినంతా నమ్మించింది. ఇన్ని ఘనకార్యాలూ పదిరోజుల్లో జరిగాయి. ఎలా జరిగాయో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, నాకు అలవాటైపోయింది.

మాది నరసాపురం వైపు. మావారు రాయపూర్ స్టేషన్‌లో బుకింగ్ క్లర్కు. అత్తయ్యగారు రైల్వే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒకటో తారీఖున మావారికి జీతం వచ్చేది, అత్తయ్యగారికి పెన్షను వచ్చేది, నాకు పాలవాడి బిల్లు వచ్చేది. నా పెట్టె అడుగున టైపు లోయరు పాసైన సర్టిఫికెట్టు ఒకటుంది. దానితో ఏం చేశావని ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకునేది. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. నేనూ సంపాదించగలనని ఒక్కసారైనా చూపించాలని మహా కోరికగా ఉండేది.

అలాంటి రోజుల్లో పేపరు మడతలోంచి ఓ పసుపుపచ్చ కాగితం జారి పడింది. ఇంట్లో కూర్చుని ఫారాలు టైపు చేయండి, నెల తిరిగేసరికి మంచి జీతం అందుకోండి అని హిందీలో ఉంది. ఫోన్ చేశాను. తేనె పూసిన గొంతుతో ఒకమ్మాయి పేరడిగింది. చెప్పాను.

"బధాయీ మేడమ్, మీరు సెలెక్టయ్యారు" అని అభినందించింది.

మావారికి రైల్వేలో ఉద్యోగం రావడానికి రాతపరీక్ష, వైద్యపరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ అన్నీ కలిసి రెండేళ్లు పట్టింది. నాకు పేరు చెప్పినంతసేపు పట్టింది. ఇక్కడ మీరైతే అనుమానపడేవారు. నేను గర్వపడ్డాను.

పని మొదలుపెట్టే ముందు రిజిస్ట్రేషన్ కింద కొంత డబ్బు కట్టాలట. సాయంత్రం మావారికి కాఫీ ఇచ్చి మెల్లగా చెప్పాను.

"డబ్బు నువ్వు కట్టాలా?" అన్నారాయన.

"తర్వాత జీతంతో కలిపి ఇచ్చేస్తారండీ."

"సుగుణా, నేను రోజంతా కౌంటర్లో కూర్చునేవాణ్ణి. కిటికీలోంచి డబ్బు లోపలికి తోసేవాణ్ణి మేం ప్యాసింజర్ అంటాం. వాడికి జీతం ఇవ్వం."

ఎంత చక్కగా చెప్పారో చూడండి. ఆ ఒక్క మాట విని ఉంటే ఈ కథే లేదు. కానీ నా ఉన్నతి చూసి ఓర్వలేకపోతున్నారని నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది. మర్నాడు పొద్దున్నే, పిల్లల పుట్టినరోజులకని దాచుకున్న డబ్బు తీసి కట్టేశాను.

ఆదివారం వచ్చింది. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు ఉన్నవాళ్లు లేవండని పాస్టరుగారు పిలుస్తారు. దేవుడు చేసిన మేలును లేచి నలుగురికీ చెప్పడమే సాక్ష్యం. జబ్బు తగ్గినవాళ్లు చెబుతారు, పరీక్ష పాసైనవాళ్లు చెబుతారు. మేలు జరిగాకే చెప్పాలన్నది అందరికీ తెలిసిన సంగతి గనక ఎవరూ దాన్ని నియమంగా రాసిపెట్టలేదు. నాకైతే పిల్లల జ్వరాలు తగ్గడం తప్ప చెప్పుకోదగ్గ సాక్ష్యం పదేళ్లలో ఒక్కటీ దొరకలేదు. అందుకని పాస్టరుగారి మాట పూర్తి కాకముందే లేచి నిలబడ్డాను.

ప్రభువు నాకు ఇంటిదగ్గరే ఉద్యోగం ఇచ్చాడన్నాను. ముంబయిలో హెడ్డాఫీసు ఉందన్నాను, అది నాకు ఆ తేనె గొంతు చెప్పిన మాట. చివర్లో ఆవేశం పొంగుకొచ్చి, ఈ సంఘంలోని ప్రతి స్త్రీకీ ఇలాంటి ఉద్యోగమే దొరకాలని దీవించాను. సంఘమంతా ఆమెన్ అంది. మావారు మాత్రం పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నారు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఏడుగురు ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. కానుక కవర్ల వెనక ఆ ఫోన్ నంబరు రాసి అందరికీ పంచిపెట్టాను.

ఆ ఏడుగురిలో ఒకతె రూతు. రాయపూర్లోనే మోవా పేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నర్సు. భర్త తిల్దాలో రైసుమిల్లులో పనిచేస్తూ నడుం దెబ్బతిని మంచానపడ్డాడు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది. పన్నెండేసి గంటలు నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. నన్ను వదినా అని పిలుస్తుంది. ఆరోజు కవరు రెండు చేతులతో అందుకుని, పర్సులో జాగ్రత్తగా పెట్టుకుంది.

సోమవారం నా పని మొదలైంది. కంప్యూటర్లో వెయ్యి ఫారాలు పంపారు. అన్నీ ఏవో ఆసుపత్రుల రోగుల వివరాలు, గీకుడు రాతలో. పదిరోజుల్లో టైపు చేసేయాలి, తప్పులు ఉండకూడదు. ఆ రాత నాకు తలకెక్కడం లేదు. డాక్టర్ల రాత చదివి చదివి ఆరితేరిన అత్తయ్యగారు కళ్లజోడు తుడుచుకుని నా పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆవిడ చదువుతారు, నేను కొడతాను. ఈ లెక్కన వారంలో అయిపోతుందనుకున్నాను.

కానీ అత్తయ్యగారు రోగి పేరు చదివాక ఊరుకునే మనిషి కారు. "పాపం, ఈయనకి కిడ్నీలో రాయిట. ఆగమ్మా ఒక్క నిమిషం" అని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఫారానికో ప్రార్థన. బుధవారానికి రెండువందలు దాటలేదు. తొందరపెడితే, జబ్బుమనిషిని చూసి నీకు జాలి లేదా అనేవారు. షోలాపూర్‌లో నాలుగేళ్ల పిల్లకి గుండెలో రంధ్రం ఉందని చదివినప్పుడైతే పగలూ రాత్రీ అన్నం మానేసి ఉపవాసం ఉన్నారు.

దానికి తోడు ఎండాకాలం. మా కూలరు హోరులో మామూలుగా చదివితే వినపడదు. అందుకని ఆవిడ జబ్బుల పేర్లన్నీ గొంతెత్తి చదివేవారు. మూడోరోజు పక్కింటి శుక్లాగారి భార్య గిన్నెలో మజ్జిగ పట్టుకొచ్చింది. మీ ఇంట్లో ఎవరికి పైల్స్ అని గొంతు తగ్గించి అడిగింది. అది ఆఫీసు పని అన్నాను. ఆవిడ ఎంతో అర్థం చేసుకున్నట్టు నా భుజం తట్టి, కారం తగ్గించమని చెప్పి వెళ్లింది.

ఆ బుధవారం సాయంత్రమే రూతు డ్యూటీ దిగి మా ఇంటికొచ్చింది. ఫోన్ చేస్తే పేరు వినగానే తననీ సెలెక్ట్ చేశారట, డబ్బు మాత్రం ఇంకా కట్టలేదట. నా కుర్చీ చూసింది, నేను కూర్చుని కొట్టడం చూసింది, తన కాళ్లు చూసుకుంది.

"వదినా, ఇది పక్కాయేనా? రేపు నౌకరీ వదిలేశాక ఏదైనా గడబిడ అయితే, ఇంట్లో కమాయించేదాన్ని నేనొక్కదాన్నే."

"పక్కా రూతూ. కళ్లెదురుగా చేస్తున్నానుగా" అన్నాను.

ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముఖం వేడెక్కుతుంది. ఒక్క రూపాయి చేతికి రాలేదు. జీతం ఇచ్చేవాడి ముఖం చూడలేదు. అయినా పక్కా అన్నాను. అంతటితో ఊరుకుంటే నేను సుగుణని ఎలా అవుతాను? రాజీనామా ఉత్తరం రాయడం తనకు రాదంటే, నేనే కూర్చుని ఇంగ్లీషులో టైపు చేసి, వీధి చివర ప్రింటు తీయించి ఇచ్చాను. ఇంటినుంచి చేసుకునే మంచి ఉద్యోగం దొరికినందువల్ల మానేస్తున్నానని కారణం కూడా ఘనంగా రాశాను. శనివారం ఇస్తానని తీసుకెళ్లింది.

శనివారం పొద్దున నాలుగువందల పదకొండో ఫారం దగ్గర అత్తయ్యగారు చదవడం ఆపారు.

"ఏమ్మా, ఈయన బ్లడ్ గ్రూపు సి పాజిటివ్ అని ఉంది."

"ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నారు అత్తయ్యా."

"ముప్పై ఏళ్లు రక్తాలు తీశాను. సి పాజిటివ్ నేనెక్కడా చూళ్లేదు" అంటూ ఆవిడ మౌస్ లాక్కున్నారు. ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. అరవై రెండేళ్ల సుబేదారుకి కాన్పు నొప్పులు. పదేళ్ల పిల్లవాడికి ముగ్గురు మనవలు. ఒకే మనిషికి ఒకే కాలు రెండుసార్లు తీసేశారు. నేను ఇవన్నీ నా చేత్తో టైపు చేశాను, ఒక్కదానికీ నాకు అనుమానం రాలేదు.

వెంటనే ఫోన్ చేశాను. ఫారాల్లో ఏముందో మీకెందుకని విసుక్కుంది ఆ అమ్మాయి. తేనె ఎటుపోయిందో తెలియదు. గడువులోగా వెయ్యీ కొట్టకపోయినా, తప్పులు దొరికినా, నేనే ఎదురు జరిమానా కట్టాలట, లేకపోతే కోర్టు నోటీసు వస్తుందట. మీ ఆఫీసు అడ్రసు చెప్పండి, వచ్చి మాట్లాడతానన్నాను. ఫోన్ పెట్టేసింది. మళ్లీ కలవలేదు. అప్పటికిగానీ ప్యాసింజరంటే ఎవరో నాకు తెలిసిరాలేదు.

అత్తయ్యగారు తెర మీద వెనక్కి వెళ్లి ఒక ఫారం తీశారు.

"అయితే ఆ షోలాపూర్ పిల్ల కూడా లేనట్టేనా?"

"లేనట్టే అత్తయ్యా."

"అమ్మయ్య. అయితే ఆ రంధ్రం కూడా లేదు" అని ఊపిరి పీల్చుకున్నారు. అంత ఏడుపులోనూ ఆవిణ్ణి చూస్తే ముద్దొచ్చింది. అప్పుడే ఆవిడ, ఇవాళ శనివారం కదూ, రూతు ఉత్తరం ఇచ్చేసిందేమో అన్నారు.

రూతుకి ఫోన్ చేస్తే డ్యూటీలో తీయదు. ఉన్నపళంగా ఆటో ఎక్కి మోవా పరిగెత్తాను. దారి పొడుగునా ఆమె ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆ పాపం నాదేనని ఒకటే గుబులు. తీరా వెళ్లేసరికి రూతు వార్డు గుమ్మంలో నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఇచ్చేశా వదినా, పొద్దున్నే."

అక్కడే గోడవారగా నిలబడి అంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. గోడకి ఆనుకుని, "ఇప్పుడెలా వదినా" అంది, అంతే. ఆమె చెయ్యి పట్టుకుని నేనే మేట్రన్ గదిలోకి లాక్కెళ్లాను. ఆవిడ ధమ్‌తరీ వైపు మనిషి, ముఖంలో నవ్వన్నది కనపడదు. తప్పంతా నాదేనని, సాక్ష్యం చెప్పింది, పక్కా అన్నది, ఆ ఉత్తరం కొట్టింది కూడా నేనేనని నా వచ్చీరాని హిందీలో ఒక్క గుక్కలో చెప్పేశాను. కావాలంటే నన్ను తిట్టండి, ఈమెను మాత్రం ఉంచండి అన్నాను.

మేట్రన్ సొరుగు తెరిచి ఉత్తరం తీసింది. ఇంకా పైకి పంపలేదంది.

"ఈ కారణం రాసినవాళ్ల ఉత్తరం నేను పదిహేను రోజులు సొరుగులోనే ఉంచుతాను. ఇప్పటికి ముగ్గురు రాశారు, ముగ్గురూ వెనక్కి వచ్చారు."

ఎవరా ముగ్గురు అని అడిగాను. నాకు నోరు ఊరుకోదు కదా.

"వెనక్కి వచ్చాక కొన్నాళ్లకి ఇద్దరు వేరే ఊళ్లు పోయారు. మూడోదాన్ని నేనే" అంది ఆవిడ, ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేస్తూ. రూతు ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. మేట్రన్ ముఖంలో నవ్వు ఉందని నేను ఆరోజే చూశాను.

చించేముందు ఉత్తరాన్ని ఆవిడ ఇంకోసారి చదివినట్టుంది. మేం లేచి వెళ్తుంటే వెనక్కి పిలిచి, ఇందులో ఒక్క తప్పు లేదు, మా పెద్ద డాక్టరుగారికి డిశ్చార్జి కాగితాలు టైపు చేసే మనిషి కావాలి అంది. సోమవారం వచ్చి పరీక్ష రాయమంది. రిజిస్ట్రేషన్ ఎంత కట్టాలని అడిగాను. ఆవిడ నన్ను ఎలా చూసిందో ఇక్కడ రాయను.

మర్నాడు చర్చిలో మళ్లీ లేచాను. పోయినవారం నేను చెప్పింది సాక్ష్యం కాదు, తొందరపాటు అన్నాను. నంబరు రాసిన కవర్లు చించేయమన్నాను. పని ఇచ్చేముందు డబ్బు అడిగేవాళ్లనీ, చిరునామా చెప్పనివాళ్లనీ, పేరు వినగానే సెలెక్ట్ చేసేవాళ్లనీ నమ్మొద్దన్నాను. ఈసారి మావారు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. మధ్యాహ్నం నన్ను ఠాణాకు తీసుకెళ్లి ఫిర్యాదు రాయించారు. ఆ డబ్బు రాలేదు, కోర్టు నోటీసూ రాలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా గంభీరంగా ఒట్టు వేస్తున్నాను. జీతం చేతికందేదాకా ఏ ఉద్యోగం గురించీ ఈ జన్మలో నోరు విప్పను. డాక్టరుగారి పరీక్ష పాసయ్యాను. పన్నెండేళ్లుగా ఇంట్లోనే కూర్చుని ఆ కాగితాలు టైపు చేస్తున్నాను. ప్రతినెలా ఏడో తారీఖున జీతం తప్పకుండా వస్తోంది. ఇక సాక్ష్యం చెప్పొచ్చు కదా అని పాస్టరుగారు అడుగుతూనే ఉన్నారు. ఇంకో నాలుగు నెలలు చూద్దామండీ అంటున్నాను.