ఆదెమ్మ మగ్గం దగ్గర ఓబులేసు

2023లో, పెళ్లిళ్ల సీజను మొదలయ్యే ముందు జరిగిన సంగతి ఇది. ధర్మవరంలో నేను మాస్టర్ వీవర్‌ని. అంటే నేతగాళ్ల ఇళ్లకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఓబులేసు వచ్చి అంగడి మెట్ల కింద నిలబడ్డాడు. తాగిన మత్తులో తోటి నేతగాణ్ణి పొడిచి చంపి, జైలుకెళ్లి, శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన మనిషి.

"పైకి రాప్పా, ఆడే నిలబడితివే?" అన్నాను.

"యాడన్నా పని ఇప్పియ్యన్నా. ఎవురింటికి పోయినా వాకిట్లో నుంచే పంపిస్తాండారు. నాకు ఇంగో పని రాదు."

ఓబులేసు పని వార్పు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులు! అది అంగట్లో కూర్చుని చేసే పని కాదు. మగ్గం ఉన్న చోటికే పోవాలి. మా ఊళ్లో మగ్గం నడింట్లో ఉంటుంది. పొయ్యి, పిల్లల ఉయ్యాల, దేవుడి పటాలు అన్నీ దాని పక్కనే. అతికే మనిషికి మధ్యాహ్నం అన్నం ఆ ఇంటివాళ్లే పెట్టాలి, అది ఆనవాయితీ.

చంపినవాణ్ణి నడింట్లోకి ఎవరు రానిస్తారు? హిందూపురానికి, సోమందేపల్లికి ఫోన్లు చేశాను. పేరు చెప్పగానే పెట్టేశారు. "చేసుకున్నోనికి చేసుకున్నంత, నీకేలన్నా?" అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది. "కోర్టు వేసిన శిక్ష తీరిపోయింది. మళ్లీ వేయడానికి మీరెవరయ్యా?" అని అంగడికి వచ్చిన ప్రతివాడితో పోట్లాడాను.

అంతలో మాకు వార్పులు అతికే ఇంకొకాయన జ్వరంతో మంచం పట్టాడు. పెనుకొండ పెళ్లివారి చీర మొదలుపెట్టాల్సిన మగ్గం ఊరికే పడివుంది. ఆ మగ్గం ఆదెమ్మది. ఓబులేసు చంపింది ఆమె మొగుణ్ణే.

అడగడానికి నోరు రాలేదు. అయినా అడిగాను.

"పంపన్నా," అంది ఆదెమ్మ. "మగ్గం ఆడకుంటే నా బిడ్డలు తినేదేమి?"

ఓబులేసు రానంటే రానన్నాడు. నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. పొద్దుగూకేదాకా వాడు తల ఎత్తలేదు. మధ్యాహ్నం ఆదెమ్మ విస్తరి వేసి అన్నం, పప్పు వడ్డించి, పిల్లలను తీసుకుని బయట అరుగు మీద కూర్చుంది. వాడికి రెండో ముద్ద దిగలేదు.

పని ముగిశాక ఆదెమ్మ పడుగంతా చేత్తో తడిమి చూసింది. ఒక్క పోగు జారలేదు.

"పని బాగుండాది," అంది. "ఇన్నాళ్లూ ఈడ కూర్చుంటే నా మొగుడు గ్యాపకం వస్తాండె. ఇంగ నువ్వే గ్యాపకం వస్తావు. మళ్లా రావద్దప్పా."

వాడు వేళ్ల బూడిద దులుపుకుని వెళ్లిపోయాడు. వార్పు అతకడం అంతటితో మానేశాడు. ఇప్పుడు హిందూపురంలో చింతపండు మూటలు మోస్తున్నాడు. అలాంటి వేళ్లు మూటల పాలు కావడం నాకు నేటికీ బాధే.

శిక్ష తీరినవాడికి తన పని తనకు దక్కాలని ఇప్పటికీ అంటాను, కాదన్నవాడితో పోట్లాడతాను. ఆదెమ్మ ముందు మాత్రం ఆ మాట నా నోట రాదు.