మిరప్పొడి గుడ్డు

ఒతిలియా నలభై ఏళ్లు రాజధాని శాంతియాగోలో పరాయివాళ్ల ఇంట్లో గిన్నెలు తోమింది. చేతివేళ్లు వంకరపోయి పనికి రాకుండా పోయాక, ఇంపీరియల్ అనే ఊరి కొండవాలులో కోళ్లు పెంచుకునే అక్క ఎర్సీరా పంచన చేరింది. ఇంకెక్కడికీ పోయే దారి లేదు. ఆ సంగతి ఎర్సీరాకు బాగా తెలుసు.

తెల్లారగానే కోళ్లను పచ్చికలోకి వదలాలి, నక్క రాకుండా కాయాలి, పొదల్లో పెట్టిన గుడ్లు వెతికి తేవాలి. కడిగితే గుడ్డు నిలవ ఉండదు, అందుకని అక్కడి జాతి కోళ్లు పెట్టే ఒక్కో నీలిరంగు గుడ్డునూ పొడిగుడ్డతో తుడిచి గడ్డి బుట్టలో పేర్చాలి. బుట్ట సంతకు పోయేది. ఒతిలియాకు మాత్రం రెండు పూటలా రెండేసి ఉడికిన బంగాళాదుంపలు. ఆ ఇంట్లో కోళ్లకున్న మర్యాద మనిషికి లేదు.

"పట్నం వాళ్లు ఎగబడి కొనే గుడ్డు నువ్వు తింటావుటే? మహారాణివి మరి!" అనేది ఎర్సీరా.

ఆకలికి తాళలేక ఒతిలియా రోజూ గూట్లోనే ఒక గుడ్డు పగలగొట్టి పచ్చిదే తాగడం మొదలుపెట్టింది. కోడి పొడుచుకు తిన్నట్టు పెంకులు అక్కడే పడేసేది.

"మన కోళ్లలో గుడ్లు తినేది ఒకటి తయారైందే," అంది ఎర్సీరా ఆ పెంకులు చూసి. ఆ రోగానికి అక్కడ అందరూ చేసే వైద్యమే చేసింది. గుడ్డుకు చిల్లిపెట్టి, సొన కొంత తీసి, మిరప్పొడి కూరి, మైనంతో మూసి గూట్లో పెట్టింది. చెల్లెలికి చెప్పలేదు.

మర్నాడు గూటి చీకట్లో ఆ గుడ్డు గబుక్కున గొంతులో పోసుకున్న ఒతిలియాకు ప్రాణం పోయినంత పనైంది. అయినా పెంకులు ఎప్పటిలాగే అక్కడే పడేసింది. ఇంట్లోకి రాగానే ఎర్సీరా పొగలు కక్కే మాతె ఆకు కషాయం చేతికిచ్చింది.

"తాగవేం? కళ్లనీళ్లేమిటే?"

"పొయ్యి పొగ, అక్కా," అని ఒతిలియా ఆ వేడి కషాయమే గుటకేసింది.

"మిరప్పొడి గుడ్డు కూడా మింగేసింది దొంగముండ. ఇక కత్తే దానికి మందు. ఆ తోకలేనిదే అయ్యుంటుంది. ముసల్దయింది, గుడ్లు కూడా తగ్గించింది. పట్టుకురా," అంది ఎర్సీరా.

తోకలేని కోడి పిల్లగా ఉన్నప్పుడు ఒతిలియాయే దాన్ని నక్క నోటినుంచి విడిపించి, ఒడిలో పెట్టుకుని బతికించింది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే పలికేది అదొక్కటే. నేనే తిన్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అక్క వీధిలోకి గెంటుతుంది. ఒతిలియా కోడిని పిలిచింది. అది పరుగున వచ్చింది. అక్క కోస్తుంటే దాని కాళ్లు ఆమే పట్టుకుంది.

మధ్యాహ్నం ఎర్సీరా పులుసు వడ్డించింది. ఒతిలియాకు ఏడుపొచ్చింది, కానీ ఆకలి అంతకన్నా ఎక్కువగా ఉంది. ముక్క రుచిగా ఉందని తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది.

"మొదటిరోజే నీ గడ్డానికి పచ్చసొన చూశానే," అంది ఎర్సీరా తాపీగా ఎముక చీకుతూ. "నోరు విప్పుతావేమోనని కత్తి నెమ్మదిగానే నూరాను. ఇంకో గరిటె వెయ్యనా?"

ఒతిలియా తల వంచుకుని గిన్నె ముందుకు జరిపింది.