రెండో చుక్క

మా మావయ్యగారు కూర్చుంటే కుర్చీకి విశ్రాంతి ఉండదు. మోకాలు ఊగుతుంది, వేళ్లు చేతిపిడి మీద తాళం వేస్తాయి, ఇంతలో లేచి కిటికీ దాకా వెళ్లి వస్తారు. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంటారు. కాలుగాలిన పిల్లి అని పెద్దవాళ్లని అనకూడదు కాబట్టి, ఇంటి కోడలిగా నేను మనసులోనే అనుకుంటాను.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. వయసంతా సినిమా హాల్లో ఆపరేటరుగా చేశారు. వెనక గదిలో రెండు మెషీన్లు, ఒకదాని మీద రీలు అయిపోతుండగా రెండోదానికి మార్చాలి. అయిపోయే ముందు తెరమీద కుడివైపు పైమూల ఒక చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషీను తిప్పాలి. కాసేపటికి ఇంకో చుక్క, దానికి మార్చెయ్యాలి. ఆలస్యమైతే తెర తెల్లబోయి హాలంతా ఈలలు. తన చేతిమీద ఒక్క ఈల కూడా పడలేదని ఆయన గర్వం. ఏ సినిమా కథైనా చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతారు. ఆయన చూసింది చుక్కల్ని.

సినిమా హాలు మొగుడు దొరికాడని పెళ్లైన కొత్తలో అత్తయ్య తెగ మురిసిపోయిందట.

"టిక్కెట్టు అక్కర్లేదు కదా, ప్రతి సినిమాకీ వెళ్లేదాన్ని. కింద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. మంచి సీను వస్తే ఈయనకి చూపిద్దామని వెనక్కి తిరిగేదాన్ని. గోడ చిల్లులోంచి వెలుగొచ్చేది, మనిషి కనబడేవారు కాదు. ఆయన పక్కన కూర్చుని ఒక్క సినిమా మొదటినుంచి చివరిదాకా చూడాలే. ఇంకేం అక్కర్లేదు నాకు" అంటుంది.

హాలు మూతపడి మావయ్యగారు ఇంట్లో పడ్డాక మా ఆయన టీవీకి కంప్యూటరు తగిలించి, సోఫాలోంచే నడపడానికి ఒక రిమోటు తెచ్చాడు. అత్తయ్య ఆ రోజు తలదువ్వుకుని మరీ వచ్చి కూర్చుంది. ఏం లాభం? నొక్కే పని లేకపోతే ఆయనకి ఊపిరాడదు. సౌండు పెంచారు, తగ్గించారు, ఆపారు, వెనక్కి తిప్పారు, చివరికి లేచి వంటింట్లోకొచ్చి నా పోపు మాడిందన్నారు.

తర్వాత ఆయనే ఒక దారి కనిపెట్టారు. పాత సినిమాల్లో ఆ చుక్కలు ఇప్పటికీ ఉంటాయి. కంప్యూటర్లో ఏదో నేర్చుకుని, రెండో చుక్క పడ్డ ప్రతిచోటా సినిమాని ముక్కలుగా కోశారు. ముక్క అయిపోగానే సినిమా ఆగిపోతుంది. సరిగ్గా చుక్కకి రిమోటు నొక్కితే ఆగకుండా తర్వాతి ముక్క మొదలవుతుంది, ఆలస్యమైతే తెర నల్లబడుతుంది. లోకమంతా రీళ్ల పీడ విరగడైందనుకుంటుంటే మా ఇంట్లో ఈయన కొత్తగా రీళ్లు చేసుకున్నారు. అయినా అత్తయ్య ఏమీ అనలేదు. రిమోటు పట్టుకునో, చుక్క కోసం చూస్తూనో, ఆదివారం మధ్యాహ్నాలు మనిషి పక్కన కూర్చుంటున్నారు కదా.

ఈమధ్య ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మందులతో పెరక్కుండా చూడగలం గానీ పూర్తిగా పోదన్నాడు డాక్టరు. ఒక ఆదివారం మావయ్యగారి చెల్లెలు కుటుంబంతో వచ్చింది. అందరం సినిమా చూస్తున్నాం. చుక్క పడింది. బొటనవేలు వణికి మీట రెండుసార్లు నొక్కుకుపోయింది. మధ్యలో ఒక ముక్క ఎగిరిపోయి, పెళ్లిచూపుల్లో సిగ్గుపడుతున్న హీరోయిన్ మరుక్షణం చంకలో పిల్లాడితో నిలబడింది.

"అదేంటన్నయ్యా, పెళ్లెప్పుడైంది?" అని చెల్లెలు పడీపడీ నవ్వింది. ఆవిడ కొడుకు సరదాకి ఈల వేశాడు.

మావయ్యగారు రిమోటు బల్లమీద పెట్టి బయటికి వెళ్లిపోయారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆదివారం తలనొప్పి అన్నారు, ఆపై ఆదివారం నిద్రొస్తోందన్నారు. నిద్రా లేదు, ఏమీ లేదు. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుడే. ఆ అడుగుల చప్పుడుకి నాకు పిచ్చెక్కింది. అత్తయ్య సోఫాలో ఒక పక్కకి ఒదిగి, రెండో పక్క ఖాళీగా ఉంచి కూర్చునేది.

ఒకరోజు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, పోయిందనుకుని మళ్లీ కొన్నాక దిండు గలీబులో దొరికిందే, ఆ పాత రిమోటు పనిచేస్తుందా?"

"చేస్తుంది అత్తయ్యా. రెండూ ఒకటే."

"అయితే ఆయన దాంట్లో చచ్చిన బ్యాటరీలు వెయ్యి. పాతది నాకివ్వు. ఆయన నొక్కుతారు, నేను శాలువా కింద నొక్కుతాను. మీ ఆయనకి చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

గోడ గడియారంలోంచి తీసి పడెయ్యని పాత బ్యాటరీలు ఉన్నాయి, అవి వేశాను. తప్పంతా బ్యాటరీలదేననీ, కొత్తవి వేశామనీ అత్తయ్య తొణక్కుండా చెప్పింది. మావయ్యగారు నమ్మీ నమ్మనట్టు వచ్చి కూర్చున్నారు. సినిమా నేను పెట్టాను. చుక్క పడింది, బొటనవేలు వణుకుతూ నొక్కింది, ముక్క మారింది. ఇంకోటి, ఇంకోటి. "చూశావా, చెయ్యి బాగానే ఉంది" అన్నారాయన. అత్తయ్య తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. మొన్న సినిమా మొదలయ్యాక కర్టెను లాగుదామని కిటికీ దగ్గరికి వెళ్లాను. గట్టుమీద రెండు బ్యాటరీలు, నేను ఆయన రిమోట్లో వేసిన చచ్చినవే. ఆ వేళ్లు ఊరికే ఉండవు కదా, మూత తీసి చూసేశాయి. వెనక్కి తిరిగితే మావయ్యగారు ఖాళీ రిమోటు పట్టుకుని తెరవైపే చూస్తున్నారు. అత్తయ్యకి సైగ చేద్దామంటే ఆవిడ నావైపు చూడదే.

చుక్క పడింది. ఆయన వేలు కదిలింది. తెర ఒక్క క్షణం నల్లబడి, తర్వాతి ముక్క మొదలైంది.

"ఆలస్యం చేస్తున్నావు" అన్నారు మావయ్యగారు, తల తిప్పకుండానే.

శాలువా కింద చెయ్యి బిగుసుకుపోయింది.

"మొదటి చుక్కకి వేలు సిద్ధంగా పెట్టుకోవాలి. రెండోదానికి నొక్కాలి. నువ్వు చుక్క చూడట్లేదు."

"నాకు చుక్కలెక్కడ కనబడతాయండీ? మీ వేలు చూసి నొక్కుతున్నాను" అంది అత్తయ్య.

ఆయన అప్పుడు ఆవిడ వైపు తిరిగారు.

"ఇన్నాళ్లూ నా వేలే చూస్తున్నావా? మరి సినిమా?"

"సినిమా చూస్తూ కూర్చుంటే మీ రీలు ఎవరు మారుస్తారు?"

మావయ్యగారు ఖాళీ రిమోటు నాకందించారు. "అమ్మాయ్, ఈ ముక్కలన్నీ ఒకటిగా అతికించడం నీకు చేతనవునా?" అని అడిగారు.

పెద్ద పనేం కాదు. అతికించి మొదటినుంచీ పెట్టాను. రిమోట్లు రెండూ వంటింట్లో పెట్టేశాను. తెరమీద కుడివైపు మూల చుక్క మెరిసింది. మావయ్యగారు సగం లేచారు. అత్తయ్య తెరమీంచి చూపు తిప్పకుండానే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "కూర్చోండి, అది వెళ్లిపోతుంది" అంది.