పదకొండు చూపించిన ముల్లు

మా సైన్సు సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎక్కడైనా ఎదురైతే నిలదీయకుండా ఉండలేను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పదో తరగతి. మోత్కూరు దగ్గరి మా ఊళ్లో మాకు రెండెకరాల వరి, ఒక బోరు ఉండేవి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే పవర్ అని సారు బోర్డు మీద రాసి లెక్కలు చేయించేవారు. నాలుగు వందల వోల్టులకు ఎనిమిది ఆంపియర్లయితే నిరోధం యాభై ఓములు. క్లాసులో జవాబు ముందు నేనే చెప్పేదాన్ని. నాలుగో తరగతితో బడి మానేసిన మా నాయినకు నా లెక్కలంటే మహా గురి.

ఆ యాసంగిలో వరి పొట్టకొచ్చింది. మడి నెర్రెలిస్తోంది. సరిగ్గా అప్పుడే వోల్టేజీ పడిపోయింది. స్టార్టర్ పచ్చ బటన్ నొక్కి వదిలితే మోటార్ ఆగిపోతోంది. మా వైపు ఇలాంటప్పుడు బటన్ పైకి రాకుండా పుల్ల దోపుతారు. నాయిన మాత్రం ఎన్నడూ ఆ పని చేయలేదు. బటన్‌ను వేలితో అదిమిపట్టి డబ్బా మీది మీటర్లు చూశాడు.

"వోల్టులు మూడు వందలే ఉన్నయి. ఎన్నడు ఎనిమిది దాటని ఆంపియర్ల ముల్లు పదకొండు చూపెడుతాంది. బందు చేద్దామా బిడ్డా?"

నేను మూడు వందలను యాభైతో భాగించాను.

"ఆరే రావాలె నాయినా. వోల్టేజీ తగ్గితే కరెంటు గూడ తగ్గుతది. మీటరే ఖరాబైంది. నడువనియ్యి."

ఆయన ముల్లును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. వేపపుల్ల విరిచి నా చేతికిచ్చాడు. నేనే దోపాను.

గంట తిరగకముందే నీళ్లు ఆగిపోయాయి. పైపులన్నీ లాగించి మోటార్ పైకి తీస్తే వైండింగ్ మాడిపోయి ఉంది.

"పుల్ల వెట్టిన తెలివిగల్లోడు ఎవ్వడు?" అన్నాడు మెకానిక్.

"నేనే వెట్టిన" అన్నాడు నాయిన.

మెకానిక్ తిడుతూనే అసలు సంగతి చెప్పాడు. "వోల్టులు తగ్గినా మోటరు తోడే నీళ్లు అన్నే గదా. వోల్టేజీ తగ్గితే మోటరు కరెంటు ఎక్కువ గుంజుతది."

మూడు వందలను పదకొండుతో గుణించాను. నాలుగు వందలను ఎనిమిదితో గుణించాను. రెండు పవర్లూ దాదాపు ఒకటే. ముల్లు నిజమే చెప్పింది. నేను కట్టిన లెక్క నీళ్లు కాచే హీటర్‌కు పనికొస్తుంది, మోటార్‌కు కాదు. ఇంటికో బోరున్న ఊళ్లో ఆ ఒక్క ముక్క మాకెవరూ చెప్పలేదు!

మోటార్ మళ్లీ దింపేసరికి పన్నెండు రోజులు పట్టింది. వరి తాలైపోయింది. చేలోకి గొర్రెల మందను తోలాం.

సారును అడిగాను. "నువ్వు చెప్పేది నిజమే. కానీ అది సిలబస్‌ల లేదు. గట్ల రాస్తే మార్కులు పోతయి" అన్నారు తాపీగా. నాకు ఒళ్లు మండిపోయింది.

మార్చిలో బడి పరీక్షకు ఆయనే ప్రశ్నపత్రం రాశారు. ఒక మోటార్ నాలుగు వందల వోల్టులకు ఎనిమిది ఆంపియర్లు తీసుకుంటే, మూడు వందలకు ఎన్ని? తెలిసి కూడా ఇచ్చారు. తెలిసి కూడా నేను ఆరు అని రాశాను.

దిద్దిన పేపర్‌ను నాయిన వేలు పెట్టి మెల్లగా చదివాడు. పూర్తి మార్కులు పడ్డ ఆ లెక్క దగ్గర వేలు ఆగింది.

"గిది మన మోటరు లెక్కనే గద బిడ్డా? మరి మార్కులు ఎట్లేసిండు?"