వైండింగ్‌లో ఉన్న బాబాయి

మా ఇంట్లో అందరికీ ముందుగా వచ్చిన ఇంగ్లీషు మాట వైండింగ్. కాలిపోయిన మోటారులో పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టడం అన్నమాట. నాన్న పోయాక నన్ను పెంచిన మా బాబాయి చేసే పని అదే. వీధిగదిలో బల్లేసుకుని, ఒక్కో చుట్టూ చేత్తోనే చుట్టేవాడు. లెక్క తప్పితే ఫ్యాను వారం తిరగదు. మధ్యలో చెయ్యి వదిలితే తీగంతా సడలిపోయి, పని మొదటికొస్తుంది.

అందుకని ఆయన్ని ఏమడిగినా జవాబు అంకే! "అన్నం వడ్డించనా?" అంటే, "డెబ్బై మూడు" అనేవాడు.

"నేను చేస్తున్నది మొగుడితో కాపురం కాదమ్మా, ఎక్కాల పుస్తకంతో" అని మా పిన్ని మొత్తుకునేది. అంతలో ఆవిడే స్వెట్టరు అల్లుతూ, "ఉండవే, వైండింగ్‌లో ఉన్నా" అనేది. నేను జడ అల్లుకుంటున్నా వైండింగే. ఎవరి మీదైనా అలిగి మాట్లాడకపోతే, అదీ వైండింగే. ఎంత హాయి మాటండీ అది!

టీచర్ ట్రైనింగ్ ఫారం నా చేతికొచ్చిందే ఆఖరి రోజు మధ్యాహ్నం. గార్డియన్‌గా బాబాయి సంతకమే కావాలి. ఆఫీసు నాలుక్కి మూసేస్తారు, అప్పటికే మూడున్నర.

"బాబాయ్, సంతకం..."

"నూట తొంభై ఆరు."

అది నాలుగొందల చుట్ల ఫ్యాను.

"ఏవండీ, పిల్ల పాఠాలు చెప్పుకుని బతుకుతానంటోంది, సినిమాకి పోతాననట్లేదు!" అంది పిన్ని.

"నూట తొంభై ఏడు."

"వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది బాబాయ్" అన్నాను.

నూట తొంభై ఎనిమిది వినబడలేదు. తలెత్తి చూద్దును కదా, తీగ వదిలేశాడు. అది పాము చుట్టలా బుసబుసా విడిపోతోంది. చేతులు చొక్కాకే తుడుచుకుని, సంతకం పెట్టి, "పరిగెత్తు" అన్నాడు. పనిలో ఉండగా ఆయన నోట అంకె కాని మాట వినడం నాకదే మొదలు.

ఆఫీసులో గుమస్తా ఫారం వెలుతురుకి పెట్టి చూసి, "ఇదేంటమ్మా, సంతకమా, గ్రీజు మరకా?" అన్నాడు.

"రెండూనండీ" అన్నాను.

నవ్వి ముద్ర కొట్టేశాడు. గోడ మీద గడియారం నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇంట్లో బాబాయి ఇంకా నలభయ్యో చుట్టు కూడా దాటి ఉండడు.